ఈశ్వరి తీగ: తెలిసి దూరముగా ఉంచవలసిన ఓషధి

ఉద్దానము నుండియు, పలాస - కాశీబుగ్గల నుండియు, టెక్కలి చుట్టుపట్ల గ్రామముల నుండియు నాకు వచ్చు ఉత్తరములలో కొన్ని సంవత్సరములుగా ఒకే ప్రశ్న పలు విధములుగా కనిపించుచున్నది. "ఈశ్వరి వేరు రక్తమును శుద్ధి చేయునని, మూత్రపిండములకు బలమని సంతలో చెప్పినారు. మా ఇంటిలో ఒకరికి క్రియాటినైన్ కొంచెము ఎక్కువగా ఉన్నది. పొడి చేసి వాడవచ్చునా? మూలికయే కదా, హాని ఉండదు కదా?" అని అడుగుచున్నారు.

వాడరాదు. ఇది చిన్న సమాధానము. నలుబది ఏండ్లకు పైగా మూలికలతోనే వైద్యము చేయుచున్న నేను ఒక మూలికను గురించి ఇంత గట్టిగా చెప్పుటకు కారణము పెద్దది. ఈ నెల పాఠము దానిని గురించియే.

ముందుగా మొక్కను గుర్తింతము. పేరు మాత్రమే తెలిసి మొక్క తెలియకపోవుట మూలికా వైద్యములో సగము ప్రమాదము. దీనిని తెలుగులో ఈశ్వరి, నల్లయీశ్వరి, ఈశ్వర వేరు, గోవిల, దూలగోవెల అందురు. తమిళులు ఈశ్వరమూలి అనియు, గొప్ప మందు అను అర్థములో పెరుమరుందు అనియు పిలిచెదరు. హిందీలో ఈశ్వర్‌మూల్. సంస్కృతములో ఈశ్వరి, అర్కమూల, రుద్రజట అను పేర్లు వినబడును. నాకులి అను పేరును కొందరు దీనికి, కొందరు సర్పగంధకు చెప్పుదురు. ముంగిస పాముతో పోరాడునప్పుడు ఈ వేరును కొరుకునను నమ్మకము నుండి ఆ పేరు వచ్చినది. ఒక పేరు రెండు మొక్కలకు ఉన్నచోట పచారి దుకాణము వారి చేతిలో ఏది ఉన్నచో అదియే మీ ఇంటికి వచ్చును. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. వృక్షశాస్త్రజ్ఞులు ఈశ్వరికి పెట్టిన పేరు అరిస్టొలోకియా ఇండికా.

ఇది అల్లుకొని పైకి ప్రాకెడి బహువార్షిక లత. మొదలు కొయ్యబారి ఉండును, పైకొమ్మలు సన్ననివి. ఆకులు ఒకదాని తరువాత ఒకటిగా ఉండును. ఒకే తీగపై కొన్ని సన్నముగా, కొన్ని వెడల్పుగా, కొన్ని నడుమ నొక్కినట్లు వీణవలె కనిపించుటచే కొత్తవారు మోసపోవుదురు. ఆకు మొదలు నుండి మూడు ఈనెలు స్పష్టముగా బయలుదేరును. నలిపినచో ఘాటైన వాసన వచ్చును. పువ్వు విచిత్రమైనది. అడుగున చిన్న బుడగ, దానిపై సన్నని గొట్టము, కొసన ఊదారంగు కలిసిన నాలుకవంటి రేకు ఉండును. చిన్న చిన్న ఈగలు ఆ గొట్టములో దిగును. లోపల క్రిందికి వంగియున్న నూగు వాటిని బయటకు రానీయదు. పుప్పొడి వాటి వీపుకు అంటిన తరువాత ఆ నూగు వాడి దారి ఇచ్చును. ఇక కాయ పండి ఎండినప్పుడు క్రింది నుండి ఆరు చీలికలుగా విచ్చుకొని, సన్నని త్రాళ్ళకు కట్టిన ఉట్టివలె తలక్రిందులుగా వ్రేలాడును. పలుచని రెక్కగల గింజలు గాలికి ఎగిరిపోవును. వేసవిలో ఎండిన కంచెపై ఈ చిన్న ఉట్టిని చూచినవారు మరల ఈశ్వరిని మరువరు.

దీనికి ఒక చెల్లెలు కలదు. అది గాడిదగడప, సంస్కృతములో కీటమారి. ఇది పైకి ప్రాకదు, నేలపై పరచుకొనును. ఆకులు గుండ్రముగా, మొదట లోతుగా నొక్కుకొని, చిత్రముగా మన మూత్రపిండము ఆకారములోనే ఉండును. పువ్వు మొదట ఒక గుండ్రని చిన్న ఆకు అంటుకొనియుండుట దీని గుర్తు. ఆఫ్రికాలో సహారాకు దక్షిణమునగల గడ్డి మైదానముల నుండి అరేబియా మీదుగా మన దేశపు మెట్టనేలల వరకు ఇది స్వతస్సిద్ధముగా పెరుగును. ఎంత చేదు అనగా, తమిళులు దీనికి మేక ముట్టని పాల అను అర్థముగల పేరు పెట్టినారు. మేక ముట్టని ఆకును మనము పిల్లల కడుపులోని పురుగులకని నూరి పోయుచుంటిమి!

ఈశ్వరి పొదల అడవిలో, పలుచని చెట్ల నడుమ, ఎండ నేలను తాకు చోట్ల పెరుగు మొక్క. తోటల కంచెలమీద, గుట్టల అంచుల పొదలలో అది ఉండదగిన చోటు. పొదలు నరికి నేల చదును చేసినకొలది అది వెనుకకు పోవును. పైగా వేరుకై త్రవ్వినచో మొక్కయే పోవును, ఆకుకై కోసినట్లు మరల చిగురించదు. అరుదైన వస్తువుకు ధర ఎక్కువ, ధరను బట్టి మహిమ ఎక్కువ. ఇది లోకరీతి. "దొరకుటయే కష్టము" అను మాట విన్న కొనుగోలుదారుకు పరీక్షించు బుద్ధి నశించును.

ఇక మన పెద్దలు దీనికి చెప్పిన గుణములు. తిక్త కటు రసములు, లఘు రూక్ష గుణములు, ఉష్ణ వీర్యము, కటు విపాకము. కఫ వాతములను తగ్గించునని, జ్వరమునకు, క్రిములకు, కీళ్ళ నొప్పులకు, పాము తేలు కాట్లకు, స్త్రీలకు నిలిచిపోయిన ఋతుస్రావమునకు వాడుచుండిరి. మా గురువుగారు తేలు కుట్టినచోట ఈ వేరును సానపై గంధముగా తీసి పట్టు వేయుట నేను చిన్ననాట పలుమార్లు చూచితిని. జ్వరములో లోనికి ఇచ్చినను మూడు దినములకు మించి ఇచ్చుట చూడలేదు. ఆ రోజులలో శిష్యులమైన మేము ఒక్కొక్క మూలికను నాలుక కొసపై ఉంచుకొని రుచి గుర్తుపట్టి ఉమ్మివేయవలెను. ఈశ్వరి వంతు వచ్చినప్పుడు నోరు కడుగుకొనువరకు ఆయన పాఠము ముందుకు సాగనిచ్చెడివారు కారు. ఎందుకని మేము అడుగలేదు, ఆయన చెప్పలేదు.

ఎందుకో 1990వ దశకములో ప్రపంచమునకు తెలిసినది. తెలిసిన తీరు దారుణమైనది.

బెల్జియము దేశమున బ్రస్సెల్స్ నగరములో ఊబకాయము తగ్గించు ఒక చికిత్సాలయము ఉండెను. 1990లో వారు తమ మాత్రలలో చైనా మూలికలను చేర్చినారు. స్టెఫానియా అను మొక్క వేరు వేయవలసినచోట, చైనా భాషలో పేరు దగ్గరగా ఉండుటచే, అరిస్టొలోకియా జాతికి చెందిన వేరు వచ్చి చేరినది. మన ఈశ్వరికి అది దాయాది. కొన్ని నెలలలోనే ఆరోగ్యవతులైన యువతుల మూత్రపిండములు కుంచించుకొనిపోవుట మొదలైనది. 1993లో అక్కడి వైద్యులు ఈ సంగతిని లాన్సెట్ పత్రికలో ప్రకటించినారు. చివరకు నూరుమందికి పైగా స్త్రీలు ఈ వ్యాధికి లోనైనట్లు తేలినది. మందు మానిన తరువాత కూడ వ్యాధి ఆగలేదు, అనేకులు డయాలిసిస్ పాలైనారు. అంతటితో ముగియలేదు. మూత్రపిండములు పూర్తిగా చెడిన 39 మందికి వాటిని, మూత్రవాహికలను శస్త్రచికిత్సతో తీసి పరీక్షించగా 18 మందిలో క్యాన్సర్ కనబడినదని 2000వ సంవత్సరములో ప్రచురించినారు.

ఆ 39 మందిలో ఎవరు ఎంత మూలిక తిన్నారో కూడ లెక్క కట్టినారు. మొత్తము 200 గ్రాములు మించి తిన్న 15 మందిలో 10 మందికి, అంతకు లోపు తిన్న 24 మందిలో 8 మందికి క్యాన్సర్ ఉన్నది. 200 గ్రాములన్నచో ఎంత? రోజుకు రెండు గ్రాముల పొడి, అనగా చిన్న చెంచాలో సగమునకు అటునిటు, నూరు దినములు వాడినచో ఆ లెక్క పూర్తియగును. మన ఇండ్లలో ఒక "మండలము" అనగా నలుబది దినములు. రెండున్నర మండలములు చాలును. తక్కువ తిన్నవారు తప్పించుకొనలేదని కూడ ఆ లెక్కయే చెప్పుచున్నది.

ఈ మొక్కలలోని విషద్రవ్యమునకు అరిస్టొలోకిక్ ఆమ్లము అని పేరు. అది రక్తములో నుండి మూత్రపిండముల సన్నని నాళికలలోనికి చేరును. వ్యర్థములను బయటకు త్రోయుటకై ఆ నాళికల కణములకు గల ద్వారములే ఈ విషమును కూడ లోనికి తీసికొనును. అక్కడ అది రూపము మారి కణములోని వారసత్వ సూత్రమునకు, అనగా డి.ఎన్.ఏ.కు, అంటుకొని విడువదు. నాళికలు నశించి వాటి నడుమ మచ్చకట్టినట్లు గట్టిపడును. మొదట రక్తపోటు పెరుగదు, కాళ్ళు వాయవు, మూత్రములో ఆల్బుమిన్ కూడ అంతగా పోదు. రోగికి ఆకలి మందగించి, నీరసము కలిగి, పరీక్ష చేయించునాటికి సగమునకు పైగా పోయి ఉండును. అంటుకొనిన ముద్ర ఏండ్ల తరబడి నిలిచి క్యాన్సరునకు దారితీయును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ జాతి మొక్కలు గల మూలికా మందులను, 2012లో ఆ ఆమ్లమునే, మనుష్యులకు క్యాన్సర్ కలిగించునవిగా మొదటి తరగతిలో చేర్చినది. తైవాన్ 2003లో వీటిని నిషేధించినది. అక్కడి బీమా లెక్కలను బట్టి, అంతకు ముందు కొన్నేండ్లలో జనాభాలో మూడవ వంతు మందికి ఈ ఆమ్లము ఉండుటకు అవకాశముగల మందులు వ్రాయబడినవని తెలిసినది. మన ఈశ్వరిలోను, గాడిదగడపలోను ఇదే ఆమ్లము ఉన్నది.

ఇచ్చట నా తోటి వైద్యులు కొందరు ఒక ఆక్షేపణ చేయుదురు. "వత్సనాభి విషము కాదా? భల్లాతకము, అనగా నల్లజీడి, విషము కాదా? శోధన చేసి వాడుట లేదా? ఈశ్వరిని కూడ శుద్ధి చేసిన సరిపోవును" అందురు. వినుటకు బాగున్నది. కాని వత్సనాభి శోధన ఎట్లు పుట్టినది? అశుద్ధ వత్సనాభి తిన్నవాడు గంటలలో కండ్లముందే పడిపోవును. గోమూత్రములో నానబెట్టినది తిన్నవాడు బ్రదుకును. తేడా వెంటనే కనిపించినది కనుక పద్ధతి సరిదిద్దుకొనుటకు వీలైనది. ఈశ్వరి ఈ దినము తిన్నవాడు రేపు బాగుగానే ఉండును, వచ్చే ఏడును బాగుగానే ఉండును. అయిదేండ్లకో పదేండ్లకో మంచము పట్టినప్పుడు ఆ వేరును ఎవరు తలచుకొందురు? చైనా వైద్యులు ఈ జాతి మూలికలను తేనెతోను, పులికాడితోను సంస్కరించు పద్ధతులు చిరకాలముగా పాటించినారు. ఆధునిక పరీక్షలలో విషము కొంత తగ్గినది గాని పూర్తిగా పోలేదు. కషాయము కాచినను నశించదు. కనుక శోధన అను మాటతో దీనిని దాటవేయుటకు వీలులేదు.

ఇట్టి విషము మన శాస్త్రమునకు కొత్తయా అనినచో, కాదు. సుశ్రుతుడు కల్పస్థానములో దూషీవిషమును వర్ణించినాడు. పాతబడియో, బలము తగ్గియో వెంటనే చంపజాలని విషము కఫముచే కప్పబడి శరీరములో ఏండ్ల తరబడి నిలిచియుండి, కాలము, దేశము, ఆహారము, పగటి నిద్ర మొదలగు కారణములచే మాటిమాటికి ధాతువులను చెరుచునని ఆయన భావము. మాటలు వేరైనను, నాళికల కణములలో సంవత్సరములు నిలిచి పనిచేయు ఆమ్లమును గురించి చదివినప్పుడు నాకు ఆ ప్రకరణమే జ్ఞప్తికి వచ్చినది. చరకుడు కూడ తెలియని ఔషధమును విషముతోను, శస్త్రముతోను, అగ్నితోను పోల్చినాడు. శాస్త్రము హెచ్చరించినది. ఏ మొక్కలో దూషీవిషమున్నదో చూపుటకు మాత్రము ఇన్ని శతాబ్దములు పట్టినది. ఇంగ్లీషు వైద్యులు చూపినారు గనుక మనము ఒప్పుకొనరాదను పంతము నాకు లేదు.

ఇప్పుడు ఉద్దానము సంగతి. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో మధుమేహము గాని పూర్వపు రక్తపోటు గాని లేనివారికి కూడ మూత్రపిండములు చెడుచున్నవని దేశమంతయు ఎరిగినదే. 2019లో ప్రచురితమైన ఒక పరిశీలనలో పరీక్షించినవారిలో నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నట్లును, వారిలో ఎక్కువమందికి తెలిసిన కారణమేదియు కనబడనట్లును తేలినది. భూగర్భ జలములు, ఎండలో చెమటోడ్చు శ్రమ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఇట్లు అనేక కారణములను శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. ఏ ఒక్కటియు రుజువు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. హిరమండలము జలాశయము నుండి త్రాగునీరు తెచ్చు పథకము కూడ అప్పుడే ప్రారంభమైనది.

ఉద్దానము వ్యాధికి ఈశ్వరియే కారణమని నేను అనుటలేదు. దీనిని పాఠకులు స్పష్టముగా గ్రహింపవలెను. ఐరోపాలో డాన్యూబు నది ఉపనదుల ఒడ్డున కొన్ని పల్లెలలో ఇటువంటిదే ఒక వ్యాధి 1950ల నుండి వైద్యులను వేధించినది. బోస్నియా, బల్గేరియా, క్రొయేషియా, రుమేనియా, సెర్బియా దేశముల రైతు కుటుంబములవి. గోధుమ చేలలో కలుపుగా పెరుగు అరిస్టొలోకియా జాతి మొక్క గింజలు గోధుమతోపాటు పిండిమరకు చేరి రొట్టెలో కలియుచున్నవని 1969లోనే ఒక పరిశోధకుడు అనుమానించినాడు. ఆ మాటను చాలకాలము ఎవరును పట్టించుకొనలేదు. 2007లో రోగుల మూత్రపిండ కణములలో ఆ ఆమ్లపు ముద్ర దొరకినప్పుడు ఆ అనుమానమునకు బలము చేకూరినది. ఈ కథ చదివి ఉద్దానమునకు అన్వయించుట సులభము. కాని డాన్యూబు వ్యాధిలో మూత్రవాహికల క్యాన్సర్ ఎక్కువగా కనిపించును. అది ఆ వ్యాధికి గుర్తువంటిది. ఉద్దానములో అటువంటిది ప్రధాన లక్షణముగా కనబడలేదు. మన అన్నములో ఈశ్వరి గింజలు కలియుటకు కూడ దారిలేదు. పోలికను మించి పోయి తీర్పు చెప్పుట వైద్యుని పని కాదు.

నా భయము వేరు. మూత్రపిండములు ఇదివరకే బలహీనపడిన వేల కుటుంబములు ఉన్న ప్రాంతములోనే, భయముచేత, "కిడ్నీ వేరు", "రక్తశుద్ధి చూర్ణము" అని ఎవరు ఏది ఇచ్చినను తీసికొను అలవాటు పెరిగినది. పగిలిన కుండకు రాయి తగిలించినట్లగును. కొబ్బరితోటలలో పనిచేయు ఒక నడివయస్కుడు కొన్నేండ్ల క్రిందట నా దగ్గరకు వచ్చినాడు. పూర్వము అతని క్రియాటినైన్ 1.8. నాలుగు నెలలు ఒక పొడి వాడిన తరువాత 4 దాటినది. పొట్లము విప్పగానే వాసన పట్టితిని. మిగిలిన వేరుముక్కలను చూచి నిశ్చయించుకొంటిని. ఆ పొడి వలననే పెరిగినదని నేను రుజువు చేయలేను, వ్యాధి తనంతట తానే అంత వేగముగా ముదిరియు ఉండవచ్చును. "ఇది వెంటనే ఆపు నాయనా, రేపే మూత్రపిండముల వైద్యుని వద్దకు పో" అని పంపితిని. "ఆయుర్వేదమే వద్దంటారేమిటండీ, మీరే అలాగంటే ఎలాగ?" అని అతని భార్య నన్ను అడిగినది. ఆమె ప్రశ్నలో నిందకన్న ఆశయే ఎక్కువగా ఉన్నది. ప్రస్తుతము అతడు డయాలిసిస్‌పై ఉన్నాడు.

పాముకాటు విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. జీడితోటలలో రాలిన ఆకుల నడుమ పిక్కలు ఏరు స్త్రీలకు, రాత్రివేళ పొలము గట్లపై నడచు రైతులకు ఇది నిత్య భయము. ఈశ్వరి వేరు నమిలినచో విషము దిగునను నమ్మకము మన ప్రాంతములో ఇంకను ఉన్నది. విషములేని పాము కరచినవాడు వేరు నమిలినను బ్రదుకును, నమలకున్నను బ్రదుకును. మహిమ మాత్రము వేరుకు దక్కును. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికి పనిచేయు విరుగుడు సూది ప్రభుత్వ ఆసుపత్రులలో లభించును. రక్తపింజర విషము స్వయముగా మూత్రపిండములను చెరుచును. ఆలస్యమైన ప్రతి గంటకు మూల్యము ఉన్నది. కట్టు బిగించి కట్టరాదు, గాటు పెట్టరాదు. కరచిన కాలు గాని చేయి గాని కదలకుండ ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

స్త్రీలకు ఒక మాట. గ్రీకు భాషలో అరిస్టొలోకియా అనగా ప్రసవమునకు శ్రేష్ఠమైనది అని అర్థము. ఆ దేశములోను, మన దేశములోను నెల తప్పినప్పుడు ఈ వేరును రహస్యముగా వాడుట ఉండెను. 1970ల దశకములో మన పరిశోధకులే ఎలుకలపై దీని గర్భనిరోధక గుణమును పరీక్షించినారు. గర్భము నిలిచియున్నను, పోయినను, ఈ విషము తల్లి మూత్రపిండములను వదలదు. నెల తప్పిన సంగతి ఇంటిలో చెప్పుకొనలేని ఆడపిల్లకు ఇటువంటి వేరు చేతికిచ్చు పెద్దవారు ఈ పేరా రెండుమార్లు చదువవలెను.

దీని బదులు ఏమి వాడవలెనని అడుగుదురు. కడుపులో పురుగులకు వాయువిడంగములు ఉన్నవి, వయస్సును బట్టి మోతాదు వైద్యుడు చెప్పవలెను. ప్రభుత్వము బడిపిల్లలకు ఇచ్చు నులిపురుగుల మాత్ర కూడ మంచిదే, దానిని వద్దనుట అవివేకము. గజ్జి, దురదలకు వేపాకు నీరు, కానుగ నూనె చాలును. పైపూతకు కూడ ఈశ్వరి అవసరము లేదు. పల్చని జలుబు జ్వరమునకు శొంఠి, ధనియముల కషాయము చాలును. మూడు దినములు దాటిన జ్వరమునకు రక్తపరీక్ష కావలెను.

ఈ చిట్కాలన్నియు మూత్రపిండములు బాగుగా ఉన్నవారికి. క్రియాటినైన్ పెరిగినవారికి లెక్క మారును. మంచిదని పేరుపడిన కొండపిండి ఆకు రసమును ఎక్కువగా త్రాగినను అందులోని ఆక్సలేటు వారికి కీడు చేయవచ్చును. అన్నిటికన్న విచిత్రము, ఉద్దానపు ప్రతి ఇంటి ముంగిట దొరకు కొబ్బరిబోండము. ఎండదెబ్బకు అది అమృతము. మూత్రపిండ వ్యాధి ముదిరినవారికి అందులోని పొటాషియము రక్తములో నిలిచి గుండె లయను తప్పించును. అతిథి మర్యాదకని రోగిచేత బోండము త్రాగించువారిని నేను చూచితిని. "తక్కువ సోడియము" అని అమ్ము ఉప్పులో సోడియము బదులు పొటాషియమే ఉండును, అదియు వారికి పనికిరాదు. కీళ్ళ నొప్పులకు దుకాణములో అడిగి తెచ్చుకొను నొప్పి మాత్రలు ఈశ్వరికి ఏ మాత్రము తీసిపోవు. ఇటు మాత్ర, అటు పొడి రెండును వాడుచున్నవారు ఎందరో!

మందు సీసాపై, చూర్ణము డబ్బాపై ఏమేమి కలిసినవో చదువుడు. ఈశ్వరి, ఈశ్వరమూలి, అర్కమూల, రుద్రజట, నాకులి, కీటమారి, అరిస్టొలోకియా, వీటిలో ఏది ఉన్నను లోనికి తీసికొనరాదు. నాకులి అన్నచోట సర్పగంధయే ఉన్నను, అది రక్తపోటును బలముగా దించు మందు గనుక వైద్యుని చెప్పుదల లేక వాడరాదు. పేర్లు వ్రాయని పొట్లము కొనవద్దు. ఇదివరకే వాడియున్నచో భయపడి దాచుకొనవద్దు. మిగిలిన పొడిని పారవేయక పొట్లముతో సహా వైద్యునికి చూపుడు. ఎన్ని దినములు, రోజుకు ఎంత అని కాగితముపై వ్రాసి ఇండు. రక్తములో క్రియాటినైన్, మూత్ర పరీక్ష వెంటనే చేయించుకొని, ఫలితము బాగున్నను మరల ఎప్పుడు చేయించవలెనో అడిగి తెలిసికొనుడు. మూత్రములో రక్తము కనబడినచో, నొప్పి లేకున్నను, ఒక్క దినము ఆగవద్దు.

ఇక కంచెపై ఈశ్వరి తీగ ఉన్నవారు దానిని పెరికివేయవలెనా? అవసరము లేదు. ముట్టుకొన్నంతనే చంపునది కాదు. పిల్లలు కాయలతో ఆడకుండ చూచుకొని, తాకిన చేతులు కడుగుకొనిన చాలును. నల్లని రెక్కలు, ఎర్రని ఒడలు గల గులాబి సీతాకోకచిలుకలు గ్రుడ్లు పెట్టుటకు ఈ జాతి తీగలనే వెదకును. వాటి గొంగళిపురుగులు ఆకుతోపాటు విషమును తిని ఒంటిలో దాచుకొనును, అందుచేత పక్షులు వాటి జోలికి పోవు. మా తోట ఉత్తరపు కంచెపై ఒక తీగ ఉన్నది. వానలు పడిన తరువాత ఆకులు సగము తినివేయబడి కనిపించును. తినుచున్నవి ఆ పురుగులు మాత్రమే.